చీటీ ఉంటే నోరు తెరవక్కర్లేదు

మన వైపు అంగస్తంభన సమస్యని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ‘నరాల బలహీనత’ అంటారు, లేదంటే గొంతు తగ్గించి ‘అది’ అంటారు. బస్టాండు మూత్రశాల గోడకి అంటించిన కాగితంలోనూ నరాల బలహీనత అనే ఉంటుంది. కింద ఒక సెల్‌ నంబరు, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన వైద్యుడు దొరుకుతాడని ఒక ముక్క. సిగ్గుపడినవాడి డబ్బు ముందు అక్కడికే పోతుంది. లైంగిక శక్తి పెంచుతామని మందుకి ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. గోడలు ఆ చట్టం చదవలేదు మరి.

అసలు మందు మాత్రం అంత ఖరీదైంది కాదు. సిల్డెనాఫిల్‌ని మొదట గుండెనొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షించారు, చివరికి 1998లో అమెరికాలో వయాగ్రా పేరుతో అంగస్తంభన సమస్యకి అనుమతి వచ్చింది. మన దేశంలో 2005 దాకా మందు అణువు మీద పేటెంట్ ఇచ్చేవాళ్లు కాదు, అందుకే మన కంపెనీలు కొన్నేళ్లకే సొంతంగా తయారుచేశాయి. సుహాగ్రా, పెనెగ్రా, మ్యాన్‌ఫోర్స్ అన్నీ సిల్డెనాఫిలే. మెగాలిస్, టాడాసిప్ అయితే అదే పనికి వాడే ఇంకో మందు, టాడలాఫిల్. పేరు మారితే ధర మారుతుంది, లోపలి మందు మారదు.

ఇది షెడ్యూల్ హెచ్ మందు. స్ట్రిప్ వెనక ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటాయి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ లేకుండా ఇచ్చే షాపులు ఉన్నాయి, అందరికీ తెలిసిందే. కానీ చీటీ లేనివాడికి అక్కడ జరిగేది చూడండి. అతను ఏ పేరూ చెప్పడు, ‘అన్నా, దానికి ఏమన్నా ఇయ్యి’ అంటాడు. షాపాయన తనకి ఎక్కువ మిగిలేది తీస్తాడు. చాలాసార్లు అది రెండు మందులు కలిపిన మాత్ర, సిల్డెనాఫిల్‌తో గానీ టాడలాఫిల్‌తో గానీ డపాక్సెటిన్ కలిపింది. డపాక్సెటిన్ శీఘ్రస్ఖలనానికి వాడేది, స్తంభనకి దాంతో పని లేదు. పైగా కొందరికి తల తిప్పి, లేచి నిలబడగానే పడిపోతారు. అక్కర్లేని మందుకి డబ్బు కట్టి కింద పడటమన్నమాట.

చీటీ ఉన్నవాడు కౌంటర్ మీద కాగితం పెట్టి, ఎన్ని కావాలో వేళ్లతో చూపిస్తే చాలు. బేరం లేదు, గుసగుస లేదు. చౌక కావాలన్నా, గుట్టు కావాలన్నా దారి ఆ కాగితమే.

ఆ కాగితం కోసం సెక్సాలజిస్టు అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గరికి పోనక్కర్లేదు. మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టర్ చాలు. షుగర్‌కో బీపీకో మీరు ఇప్పటికే చూపించుకునే డాక్టరే అందరికంటే మంచిది, మీరు వాడే మందులన్నీ ఆయన చీటీలోనే ఉంటాయి కాబట్టి. ఊళ్లో తెలిసినవాళ్లు ఎదురవుతారని భయమైతే కర్నూలు పెద్దాసుపత్రిలో పొద్దున ఓపీకి పోండి, అక్కడి జనంలో ఎవరు దేనికొచ్చారో ఎవరికీ పట్టదు. యూరాలజీ ఓపీ ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది మూత్రంలో రాళ్ల కోసం వచ్చారనే అనుకుంటారు. రాయలసీమ ఎండకి ఆ మాట ఎవరైనా నమ్ముతారు. అనంతపురం, కడప వాళ్లకి వాళ్ల పెద్దాసుపత్రులున్నాయి. ఎక్కడికీ పోలేనివాళ్లు ఫోన్‌లో వీడియో ద్వారా చూపించుకోవచ్చు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అలా రాసిన చీటీ కూడా చెల్లుతుంది.

డాక్టర్ ముందు కూర్చుని పది నిమిషాలు గ్యాస్ గురించి చెప్పి, లేవబోతూ అసలు సంగతి ఎత్తడం మనవాళ్ల అలవాటు. అప్పటికి బయట ఇంకో పేషెంట్ తలుపు తోస్తుంటాడు. కూర్చోగానే ఒక్క ముక్క చెప్పండి: ‘సార్, ఆరు నెల్లుగా అంగస్తంభన సరిగా రావడం లేదు. షుగర్‌కి ఇవి, బీపీకి ఇవి వాడుతున్నా.’ ఆ తర్వాత ఆయన అడిగేవి నాలుగైదే. తెల్లవారుజామున నిద్రలో స్తంభన వస్తుందా, ఉన్నట్టుండి మొదలైందా, మెల్లగా తగ్గుతూ వచ్చిందా, సిగరెట్, తాగుడు అలవాటుందా, రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలరా. తెల్లవారుజామున బాగానే వస్తుంటే రక్తనాళాలు పనిచేస్తున్నట్టే, బెంగ ఎక్కువన్నమాట. మెట్ల ప్రశ్న గుండె కోసం. రక్త పరీక్షల్లో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్ రాస్తారు, అవసరమైతే టెస్టోస్టెరాన్ కూడా. టెస్టోస్టెరాన్‌కి రక్తం పొద్దున 11 లోపే ఇవ్వాలి, సాయంత్రానికి దాని మోతాదు సహజంగానే పడిపోతుంది. సాయంత్రం ల్యాబుకి పోయి తక్కువొచ్చిందని బెంబేలెత్తడం దండగ. ఈ పరీక్షల ఖర్చు దండగ కాదు. పురుషాంగానికి పోయే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, అందుకని పూడిక లక్షణం ముందు ఇక్కడ కనిపించొచ్చు, గుండెలో తర్వాత. షుగర్ ఉన్న సంగతి ఈ చీటీతోనే బయటపడేవాళ్లూ ఉంటారు.

చీటీలో జనరిక్ పేరు, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా లోపలి మందు పేరు, రాయమని అడగండి. తప్పుగా అనుకోరు, మెడికల్ కౌన్సిల్ నియమాలు కూడా మందుని జనరిక్ పేరుతో, అర్థమయ్యేలా రాయమనే చెబుతాయి. ‘సిల్డెనాఫిల్ 50 ఎంజీ’ అని ఉంటే ఏ కంపెనీదైనా అడగొచ్చు, జన ఔషధి షాపులోనూ అడగొచ్చు. పోయే ముందు జన ఔషధి సుగమ్ యాప్‌లో మందు పేరు కొడితే ధర, దగ్గర్లోని కేంద్రం తెలుస్తాయి. యాప్‌లో ఉన్నంత మాత్రాన షాపులో స్టాకు ఉండాలని లేదు, ముందు ఫోన్ చేసి మందు పేరు మాత్రం చెప్పి అడగండి, మీ పేరు అక్కర్లేదు. బయటి షాపులో కొంటే ఎంఆర్‌పీ చూసి మాత్రల సంఖ్యతో భాగించండి. నాలుగు మాత్రల స్ట్రిప్, పది మాత్రల స్ట్రిప్ పక్కపక్కన పెడితే కంటికి చిన్నది చౌకగా కనిపిస్తుంది, లెక్కకి కాదు.

ఇంకో కిటుకు. 100 ఎంజీ మాత్ర ధర సాధారణంగా 50 ఎంజీ ధరకి రెట్టింపు ఉండదు. డాక్టర్ ఒప్పుకుంటే 100 రాయించుకుని సగం చేసుకోవచ్చు, మామూలు సిల్డెనాఫిల్ మాత్రని సగం చేస్తే మందు గుణం పోదు. మెడికల్ షాపులో మాత్రలు కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. కత్తిపీటతో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మిగతాది పొడి. వాడే రోజు కోసి, రెండో సగాన్ని స్ట్రిప్ గుంటలోనే ఉంచి మూయండి.

షాపువాళ్లు స్ట్రిప్ కత్తిరించి ఇస్తుంటే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపు అడిగి తీసుకోండి. తర్వాత దాన్ని పర్సులోనో బైకు సీటు కిందో దాచకండి. కర్నూలు మేలో నలభై దాటే ఎండకి సీటు కింద డబ్బా పొయ్యిలా ఉంటుంది, మందు అందులో ఉండాల్సింది కాదు.

గుట్టు రట్టయ్యేది షాపు కౌంటర్ దగ్గర కాదు, ఫోన్ దగ్గర. కొన్ని షాపుల్లో బిల్లుకి ముందు మొబైల్ నంబరు అడుగుతారు, పాయింట్లు వస్తాయని. మందు పేరుతో సహా బిల్లు వాట్సాప్‌కి వస్తుంది, ఆ నంబరు ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్‌ది. ‘పాయింట్లు వద్దు, కాగితం బిల్లు ఇవ్వండి’ అంటే సరిపోతుంది. ఫోన్‌పేతో కడితే స్టేట్‌మెంట్‌లో షాపు పేరే వస్తుంది, మందు పేరు రాదు. ఆన్‌లైన్ యాప్‌లో తెప్పిస్తే పార్సిల్ సీలు వేసే వస్తుంది కానీ, పాత ఆర్డర్ల జాబితా ఇంటిల్లిపాదికీ ఒకటే ఖాతా అయితే అందరూ చూస్తారు. చీటీ అప్‌లోడ్ చేయమని అడగని సైటు, టెలిగ్రామ్‌లో అమ్మే మనిషి, ‘పూర్తిగా మూలికలే’ అనే డబ్బా ఈ మూడింటి జోలికి పోవద్దు. మూలికల మందు అని అమ్మేవాటిలో సిల్డెనాఫిల్ పొడి కలిపి దొరికిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. అది పనిచేయడమే ప్రమాదం, ఎంత మోతాదు పడిందో ఎవరికీ తెలియదు కాబట్టి.

అయితే గుట్టుకి ఒక హద్దుంది. మన ఇళ్లల్లో ఛాతీలో నొప్పి అంటే ముందు గుర్తొచ్చేది సార్బిట్రేట్. పక్కింటాయన జేబులోంచి తీసి నాలుక కింద పెట్టేస్తాడు. సిల్డెనాఫిల్ వేసుకున్న మనిషికి సార్బిట్రేట్ పెడితే బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది, ప్రాణం పోవచ్చు. రెండూ ఒకే దారిలో రక్తనాళాలని వదులు చేస్తాయి, కలిస్తే అదుపు ఉండదు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్, మోనోట్రేట్, నైట్రోగ్లిసరిన్ లాంటి నైట్రేట్ మందులేవీ పనికిరావు. అవి రోజూ గానీ అప్పుడప్పుడూ గానీ వాడేవాళ్లకి సిల్డెనాఫిల్, టాడలాఫిల్ అసలే పనికిరావు, గుండెనొప్పి మందు నికోరాండిల్ వాడేవాళ్లకీ అంతే. అందుకని ఊరంతటికీ దాచినా భార్యకి చెప్పి తీరాలి. 108 వాళ్లకి, క్యాజువాలిటీ డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్, బీపీకి ప్రజోసిన్ వాడుతుంటే డాక్టర్ తక్కువ మోతాదుతో, 25తో మొదలుపెడతారు. 65 దాటినవాళ్లకీ, కాలేయమో కిడ్నీయో దెబ్బతిన్నవాళ్లకీ అదే మొదలు.

పని చేయలేదని వచ్చేవాళ్లలో చాలామంది తప్పు తిండి దగ్గరే చేస్తారు. మటన్ బిర్యానీ కడుపునిండా తిని సిల్డెనాఫిల్ వేసుకుంటే అది రక్తంలోకి ఎక్కడానికి దాదాపు గంట ఆలస్యమవుతుంది, బలమూ తగ్గుతుంది. రాగిసంగటి, పప్పు తేలిగ్గా తిని ఒక గంట ముందు వేసుకోండి. ప్రభావం నాలుగు గంటల దాకా ఉంటుంది. తిండి పట్టింపు లేకుండా కావాలంటే టాడలాఫిల్ అడగండి, అది 36 గంటల దాకా పనిచేస్తుంది. రెండో పొరపాటు, మాత్ర మింగి గోడకేసి చూస్తూ కూర్చోవడం. కోరిక కలగకపోతే ఈ మందు ఏమీ చేయదు. మూడోది, క్వార్టర్ వేసి మాత్ర వేసుకోవడం. మద్యం తాగితే స్తంభన తగ్గుతుంది, బీపీ కూడా పడుతుంది. ఒక్క రాత్రి కుదరకపోగానే అదే రాత్రి ఇంకోటి వేసుకోవద్దు, రోజుకి ఒక్కసారే. వేర్వేరు రోజుల్లో ఆరేడు సార్లు సరిగ్గా వాడి చూశాకే పని చేయలేదనాలి. అప్పుడు మోతాదు మార్చాలా, మందు మార్చాలా అన్నది డాక్టర్ చూస్తారు.

తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కాస్త నీలంగా కనబడటం మామూలే, తగ్గిపోతాయి. టాడలాఫిల్‌తో నడుం లాగొచ్చు. చూపు గానీ వినికిడి గానీ ఉన్నట్టుండి పోతే, స్తంభన నాలుగు గంటలు దాటినా దిగకపోతే తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి పోవాలి. స్తంభన దిగడం ఆలస్యమైన కొద్దీ లోపలి కండ శాశ్వతంగా పాడవుతుంది. స్ట్రిప్ జేబులో వేసుకుని వెళ్లండి, అక్కడి డాక్టర్ మొదట అడిగేది దాన్నే.