ఎక్స్‌కవేటర్‌లో క్యాన్ లైన్ లోపాన్ని పట్టుకున్న తీరు: నా అనుభవం

విశాఖపట్నంలో భారీ యంత్రాల ఎలక్ట్రికల్ పని చేసేవారిని ఎక్కువగా వేధించేది ఒకసారి కనిపించి, మరోసారి మాయమయ్యే లోపం. భీమిలి బీచ్ రోడ్డుకు దగ్గరలో పునాది తవ్వుతున్న ఒక ఎక్స్‌కవేటర్‌కు అలాంటిదే వచ్చింది. పని మధ్యలో ఇంజిన్ దానంతటదే తక్కువ ఆర్‌పీఎమ్‌కు పడిపోయేది, మానిటర్ మీద ఎర్ర దీపం వెలిగేది, తాళం ఆపి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు నడిచేది. నేను వెళ్లేసరికే ఎవరో చూసి ఇంజిన్ కంట్రోలర్ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) పోయిందని తేల్చారు, యజమాని కొత్తదానికి ధర కనుక్కుంటున్నారు.

స్కానర్ పెట్టగానే పంపు కంట్రోలర్‌లో 639వ నంబరు ఎస్‌పీఎన్ (లోపం దేనిదో చెప్పే నంబరు) కనిపించింది. భారీ యంత్రాల్లో కంట్రోలర్లు రెండు తీగల క్యాన్ లైన్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని జే1939 అంటారు. ఇది దాని మొదటి నెట్‌వర్క్‌కు సంబంధించిన కోడ్. దానికి తోడుగా ఉన్న 9వ ఎఫ్‌ఎమ్‌ఐ (లోపం ఏ రకమో చెప్పే నంబరు), సందేశాలు రావలసిన వేగంతో రావడం లేదని చెబుతుంది. ఇంజిన్ కంట్రోలర్ తన ఆర్‌పీఎమ్‌ను ఈ లైన్ మీద సెకనుకు పదుల సార్లు పంపుతూ ఉంటుంది కనుక, కంటికి తెలియనంత సేపు తీగ విడిపోయినా వినే కంట్రోలర్‌కు అది పెద్ద అంతరాయమే అవుతుంది. ఈ కోడ్ చూసి కంట్రోలర్ మార్చడం తొందరపాటు అని నా గట్టి అభిప్రాయం. మాట వినపడలేదని మాత్రమే కోడ్ చెబుతుంది, ఎందుకు వినపడలేదో మీటరుతో మనమే తేల్చుకోవాలి.

మీటరు తీయడానికి ముందు ఆపరేటర్‌ను అడిగాను. "బ్రేకర్ కొడుతున్నప్పుడే వస్తాది సార్, బకెట్‌తో మట్టి తీస్తే రోజంతా ఏటీ అవదు" అన్నాడు. బ్రేకర్ అంటే బకెట్ బదులు తగిలించే, రాయి పగలగొట్టే సుత్తి. "తమ్ముడూ, ఆ సమయంలో మానిటర్ మీద ఏమేమి కనిపిస్తాయో గుర్తుందా?" అంటే, హైడ్రాలిక్ ఆయిల్ వేడి చూపిస్తుందనీ, ఇంజిన్ ఆర్‌పీఎమ్, కూలెంట్ వేడి ఉండే చోట మాత్రం గీతలు వస్తాయనీ చెప్పాడు. వెతకవలసిన చోటు సగానికి సగం ఆ మాటతోనే తగ్గిపోయింది. ఆ యంత్రంలో హైడ్రాలిక్ ఆయిల్ సెన్సర్ పంపు కంట్రోలర్‌కు కలుస్తుంది, పంపు కంట్రోలర్ క్యాబిన్‌లో సీటు వెనుక ఉంటుంది. అంటే క్యాబిన్‌లోనివి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి, ఇంజిన్ వైపు నుంచి మాత్రం ఏమీ రావడం లేదు. పైగా ఇంజిన్ ఆగిపోవడం లేదు, ఇంధనం అందుకుంటూ తిరుగుతూనే ఉంది కనుక దాని కంట్రోలర్ బతికే ఉందనీ, యాక్సిలరేటర్ ఆదేశం లైన్ మీద అందక తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఉండిపోతోందనీ అనుకోవడానికి ఆధారం దొరికింది.

ముందుగా బ్యాటరీ వోల్టేజీ, కంట్రోలర్లకు వచ్చే సప్లై, ఎర్త్ చూశాను, అవి సరిగానే ఉన్నాయి. తర్వాత బ్యాటరీ ఐసొలేటర్ (బ్యాటరీ కరెంటును ఆపే స్విచ్) తీసి, కంట్రోలర్లలో మిగిలిన విద్యుత్తు దిగిపోయేదాకా ఆగి, క్యాబిన్‌లోని తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో క్యాన్ హై ఉండే సీ పిన్నుకూ, క్యాన్ లో ఉండే డీ పిన్నుకూ మధ్య ఓమ్‌లు కొలిచాను. ఈ లైన్‌కు రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల టెర్మినేటర్ (రెండు తీగలనూ కలిపే నిరోధకం) ఉంటుంది కనుక రెండూ కలిసి 60 చూపాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టు, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఒకదానికొకటి తగిలినట్టు, 40 వస్తే ఎవరో మూడో టెర్మినేటర్ తగిలించినట్టు. సప్లై ఉండగా కొలిచిన ఓమ్‌లను నమ్మకూడదు.

మీటరు సరిగ్గా 60 చూపింది. చాలామంది ఇక్కడే లైన్ బాగుందని వదిలేస్తారు. కానీ ఖొండలైట్ రాయి మీద బ్రేకర్ దెబ్బలు పడుతున్నప్పుడు, రబ్బరు మౌంట్ల మీద ఉన్న క్యాబిన్ ఒక రకంగా, దాని కింది ఫ్రేమ్ మరో రకంగా ఊగుతాయి. ఆ రెండింటి మధ్య సాగే హార్నెస్ (తీగల కట్ట) ప్రతి దెబ్బకూ వంగుతుంది. ఆపరేటర్‌ను మీటరు చూస్తూ ఉండమని, నేను క్యాబిన్ వెనుక దిగువన ఆ హార్నెస్‌ను నెమ్మదిగా కదిలించాను. ఒక చోట పట్టి వంచగానే "నూట ఇరవై సార్!" అని అరిచాడు. హార్నెస్‌ను అదే వంపులో కట్టి ఉంచి, క్యాబిన్ కొసలోని టెర్మినేటర్ ప్లగ్ తీస్తే మీటరు ఓపెన్, అంటే దారి తెగినట్టు, చూపింది. మీటరుకు అంతవరకు కనిపించిన ఆ ఒక్క 120 క్యాబిన్ టెర్మినేటర్‌దే, ఇంజిన్ వైపుది తెగిపోయింది అన్నమాట.

క్యాబిన్‌కూ ఫ్రేమ్‌కూ మధ్యనున్న కనెక్టర్ విప్పితే విషయం కళ్లకు కట్టింది. వాడని ఒక రంధ్రానికి ఉండవలసిన ప్లాస్టిక్ బిరడా లేదు. దాని పక్కనే ఉన్న ఆకుపచ్చ తీగ, అంటే క్యాన్ లో, దాని పిన్ను చుట్టూ చిలుము పట్టి ఉంది. పసుపు తీగ, అంటే క్యాన్ హై, దాని పిన్ను మెరుస్తూనే ఉంది. అదే సైజు కొత్త మగ పిన్నును ఆడ పిన్నులో దూర్చి లాగి చూశాను. పసుపు వైపు బిగువుగా పట్టుకుంది, ఆకుపచ్చ వైపు పట్టు లేకుండా జారి వచ్చేసింది. సముద్రపు గాలిలో ఉండే యంత్రాన్ని ప్రెషర్ వాషర్‌తో కడిగితే, బిరడా లేని కనెక్టర్‌లోకి ఉప్పు, నీరు కలిసి చేరతాయి.

చిలుమును స్ప్రే కొట్టి తుడిచేస్తే పని పూర్తి కాదు. ఇన్సులేషన్ వెనక్కి తీస్తూ పోతే రాగి పోగులు చాలా దూరం నల్లబడి ఉన్నాయి. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, రెండు తీగలకూ కొత్త ముక్కలు వేసి, సరైన క్రింపింగ్ ప్లయర్‌తో కొత్త పిన్నులు కట్టి, రెండు తీగలూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే మెలికను కనెక్టర్ దగ్గరిదాకా తెచ్చాను. ఆ మెలిక వల్లే బయటి విద్యుత్ అలజడి రెండు తీగల మీదా సమానంగా పడి రద్దవుతుంది. దాన్ని విప్పి పొడవుగా వదిలేయడం మంచిది కాదు. వోల్టేజీ చూడటానికి ఇన్సులేషన్‌ను సూదితో గుచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఈ తీరంలో ఆ చిన్న రంధ్రం నుంచే తేమ లోపలికి పాకి కొత్త లోపాన్ని తెస్తుంది, దయచేసి ఎవరూ అలా చేయవద్దు.

బిరడా, సీలు పెట్టి కనెక్టర్ మూశాక హార్నెస్‌ను ఎంత వంచినా 60 కదలలేదు. తాళం వేసి చూస్తే ఎర్త్‌కు పసుపు తీగ మీద 2.6 వోల్టులు, ఆకుపచ్చ మీద 2.4 వోల్టులు వచ్చాయి, రెండూ ఉండవలసినట్టే ఉన్నాయి. కోడ్‌లు చెరిపి, స్కానర్ తగిలించి ఉంచే అదే రాయి మీద బ్రేకర్ కొట్టించాను. 639 మళ్లీ రాలేదు. హార్నెస్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే క్లాంపు విరిగి వేలాడుతోంది కనుక కొత్తది బిగించి, క్యాబిన్ కిందికి ప్రెషర్ వాషర్ కొట్టవద్దనీ, బకెట్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ ఐసొలేటర్ తీసి, ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చేసే చోటుకు పక్కనే పెట్టాలనీ ఆపరేటర్‌కూ, యజమానికీ చెప్పి, కొత్త కంట్రోలర్ ఆర్డరు ఆపించాను.