చింతగింజల లెక్క

ఆదివారం, రాత్రి పదకొండు

నిన్న రాత్రి టీవీలో మళ్ళీ ‘బాషా’ వేశారు. 1995లో వచ్చిన సినిమా, ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆటో నడుపుకునే మాణిక్యాన్ని స్తంభానికి కట్టేసి కొడుతుంటే కిక్కురుమనకుండా తింటాడే, ఆ ఘట్టం అయ్యేదాకా మంచినీళ్ళకు కూడా లేవను. తర్వాత అతను కొట్టే దెబ్బలకన్నా ముందు తిన్న దెబ్బలే నాకు ఇష్టం. నాన్న మాత్రం కూర్చున్నచోటే గురక పెట్టాడు.

పొద్దున ఏడింటికి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. కనగల్ వైపు రైతు. వెనకాల గోనెసంచి మీద కాలిన బోరు మోటారు. రాత్రి మూడు ఫేజుల్లో ఒకటి పోయిందట. మోటారు ఆగకుండా మిగిలిన రెండింటి మీదే గుంజి గుంజి కాలిపోయింది. దేవరకొండ రోడ్డులో నాన్న వైండింగ్ దుకాణం మూసేసి మూడేళ్ళు దాటింది. ఆ షట్టర్ వెనక ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ సంగతి రైతుకూ తెలుసు.

“నాలుగు దుకాణాలు తిరిగానన్నా. ఎవరిని అడిగినా వారం అంటున్నారు. వరి పొట్ట మీద ఉంది.”

పొట్ట మీదున్న యాసంగి వరికి వారం రోజులు నీళ్ళు లేకపోతే ఏమవుతుందో నల్లగొండలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. నాన్న ఏమీ అనలేదు. అమ్మ లోపలి నుంచే అంది: “శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇక ఆ పని ముట్టనని నా మీద ఒట్టేశారు, తమ్ముడూ.”

నాకు నవ్వొచ్చింది. ఒట్టు ఉంది, ఆపే ఇల్లాలు ఉంది, గుమ్మంలో ఆపదలో ఉన్న మనిషి ఉన్నాడు. ఇక విరామం కార్డు పడటమే తరువాయి.

నేను ఊరుకోవచ్చు కదా. “ఉండండి, గంటలో నేను చేయిస్తాను” అని ఫోను తీశాను. గడియారం సెంటర్ దగ్గర తెలిసినవాడు, ఆ తెలిసినవాడికి తెలిసిన ఇంకొకడు. ఆదివారం కావడంతో సగం మంది ఎత్తలేదు, ఎత్తినవాళ్ళు బుధవారం తర్వాతే అన్నారు. చివరికి వీడియో చూసి నేనే చుట్టేస్తానని కూడా పైకే అనేశాను. ఉత్తరకుమార ప్రగల్భాలంటే ఇవే. అప్పుడు అమ్మ చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

ఉత్తరుడు ఊరికే గుర్తురాలేదు. అస్త్రసన్యాసం చేసిన వీరుడు మళ్ళీ ఆయుధం పట్టే కథ మనకు సినిమావాళ్ళు నేర్పింది కాదు. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచి, ఒకడు వంటవాడై, ఒకడు నాట్యం నేర్పే బృహన్నలై ఏడాదంతా అణిగిమణిగి ఉన్నారు పాండవులు. తిక్కన భారతం మొదలుపెట్టిందే ఆ విరాటపర్వంతో. 1963లో ‘నర్తనశాల’ ఆ కథనే నేరుగా తీసింది. 1999 నాటి ‘సమరసింహారెడ్డి’, 2002 నాటి ‘ఇంద్ర’, వేరే ఊళ్ళో వేరే పేరుతో తలదాచుకునే నాయకులందరూ ఆ జమ్మిచెట్టు కింద నుంచి వచ్చినవాళ్ళే. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటాం గానీ ఆ కొమ్మల్లో ఒకప్పుడు గాండీవం ఉందన్న ధ్యాస ఎవరికి ఉంటుంది? విరాటపర్వం చదివితే వానలు పడతాయని పాతవాళ్ళు అనేవారు. నిజమే కావచ్చు. మార్చి నెలలో బోరు కాలినవాడికి మాత్రం అంత ఓపిక ఉండదు.

“సజ్జ మీది పెట్టె దించు” అన్నాడు నాన్న. అంతే.

‘జాన్ విక్’ అయితే నేలమాళిగలో కాంక్రీటు పగలగొట్టి తుపాకులు బయటికి తీస్తాడు. నేను స్టూలెక్కి పాత పరుపుచుట్ట పక్కకు జరిపాను. పెట్టెలో రెండు చచ్చిన బొద్దింకలు, పటకారు, చెక్క సుత్తి, సీరీస్ బల్బు, అట్ట ఊడిన నోటుపుస్తకం. ఏ మోటారుకు ఎన్ని చుట్లో అందులో ఉంది. నేపథ్య సంగీతం కావాలంటే కుక్కరు మూడు కూతలు వేసింది.

కాలిన తీగ కోసి లాగడానికే మధ్యాహ్నమైంది. బోరు మోటారు నీళ్ళలో మునిగి తిరగాలి కాబట్టి దాని తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఒక్కో చుట్టునూ ఒక గాడిలో తోసి, ఇంకో గాడిలోంచి వెనక్కి లాగాలి, సూదిలో దారం ఎక్కించినట్టు. మొదటిసారే గురి తప్పింది. తీగ కొస గాడి పక్కన తగిలి వంగింది. నాన్న దాన్ని సరిచేసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తప్పింది. మూడోసారి చేయి వణికింది. రైతు మర్యాదగా వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.

1992లో వచ్చిన ‘అన్‌ఫర్‌గివెన్’లో పందులు పెంచుకుంటూ బతికే పాత హంతకుడు డబ్బాకు పిస్తోలు గురిపెట్టి ఒక్కటీ తగిలించలేడు, గుర్రం ఎక్కబోయి పడతాడు. ఈ రకం సినిమాల్లో నేను పూర్తిగా నమ్మింది దాన్నే. మన తెరమీద ఆ తుప్పు కనబడదు. 2023లో ‘జైలర్’ చూస్తే, మనవడితో కాలక్షేపం చేసే విశ్రాంత ఉద్యోగి కత్తి పట్టగానే నిన్నటిదాకా అదే పనిలో ఉన్నవాడిలా ఉంటాడు. టిక్కెట్టు డబ్బులు దానికే ఇచ్చాం, కాదనను. ఈల నేనూ వేశాను.

నాన్న కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎడమచేతి చూపుడువేలు గాడి నోటి దగ్గర ఆనించి, ఆ గోటి మీదుగా తీగను జార్చాడు. వెళ్ళింది. ఆ తర్వాత ఇక మోటారు వంక చూడనే లేదు. గోడ మీది క్యాలెండర్ చూస్తూ చుట్టాడు.

నా పని గింజలు. అమ్మ దగ్గర ముప్పై ఆరు చింతగింజలు, రెండు గిన్నెలు తీసుకుని నా ముందు పెట్టాడు. చుట్టుకొక గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేయాలి. గింజలన్నీ అటు చేరితే ఒక కాయిల్ అయినట్టు. మళ్ళీ ఇటు.

రాత్రి ఎనిమిదింటికి నీళ్ళ తొట్టిలో ముంచి సీరీస్ బల్బు పెట్టాడు, ఒక కొస తీగకు, ఒక కొస మోటారు ఒంటికి. బల్బు వెలిగిందంటే ఎక్కడో తొడుగు చిరిగి కరెంటు కారుతున్నట్టు. నలుగురం ఊపిరి బిగబట్టి బల్బునే చూశాం. వెలగలేదు. కూలి ఎంతో నాన్న చెప్పలేదు. అమ్మ చెప్పింది, అదీ పాత రేటు కాదు.

స్నానానికి వెళ్తూ చొక్కా విప్పితే జేబులో ఏదో తగిలింది. చింతగింజ. గిన్నెలో లెక్కపెట్టాను, ముప్పై అయిదే ఉన్నాయి. ఎప్పుడు జారిపడిందో! రెండో కాయిల్ దగ్గరే పడి ఉంటే తర్వాతవన్నీ ఒక్కో చుట్టు తక్కువ. రేపు తెల్లవారుజామునే మోటారు బోరులోకి దింపుతారు. గిన్నె పట్టుకుని డాబా మీదికి పరుగెత్తాను. నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. విషయం చెప్పాను.

“లెక్క నా దగ్గర ఉంది” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “నువ్వు ఇంకెవరికీ ఫోన్లు చేయకుండా ఉంటావని గింజలిచ్చాను.”