అంబోసెలిలో ఆగిన జీపు

కెన్యాలోని అంబోసెలి నేషనల్ పార్కులో రెండో రోజు. సింహం కనబడలేదని పొద్దుటి నుంచీ మొహం మాడ్చుకుని కూర్చున్నా. ఉన్నట్టుండి డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. ఏనుగుల గుంపు! ముందు పెద్దావిడ, మధ్యలో పిల్లలు. మా పక్క నుంచే దాటాయి. అంత బరువున్నా అడుగుల చప్పుడే లేదు, పాదాల కింద మెత్తలాంటి కొవ్వు ఉంటుందట. నేరుగా చిత్తడిలోకి దిగి గడ్డి పీక్కోవడం మొదలెట్టాయి. ఆ నీళ్లు టాంజానియా వైపున్న కిలిమంజారో నుంచి భూమి లోపలగా వస్తాయి. 5,895 మీటర్ల ఆ కొండ అయిదు నిమిషాలే మొహం చూపించి మబ్బుల్లోకి పోయింది. ఇక్కడి ఏనుగుల్ని 1972 నుంచి ఒక్కోదాన్నీ గుర్తుపట్టి గమనిస్తున్నారు. చెవి అంచుల చిరుగులే వాటి ఆధార్ కార్డు! ఫోటోలా? ఫోన్ ఒళ్లోనే ఉంది, తీయడమే మర్చిపోయా. రెండుసార్లు తలంటుకున్నా జుట్టులో ఆ బూడిద రంగు దుమ్ము ఇంకా వస్తూనే ఉంది.