‘రెండో చరణం’ పత్రిక పనులు: ఐదు ఆదివారాలు

జూన్ 1

పేరు ఖాయం చేసుకున్నాను: ‘రెండో చరణం’. పాత సినిమా పాటల మీద మూడు నెలలకోసారి తేవాలనుకుంటున్న చిన్న పత్రిక. పల్లవి అందరికీ వచ్చు. రెండో చరణం తడుముకోకుండా పాడేవాళ్ల కోసం ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం సాయంత్రాలు కరోకె పెట్టుకుని పాడుకునేవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. మా అమ్మ కూడా వెళ్తుంది. స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో, బళ్లలో పనిచేసి రిటైరైనవాళ్లే ఎక్కువ. రేడియో సిలోన్, వివిధ భారతి వింటూ పెరిగిన తరం.

మొదటి నమూనా పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో కట్టాను. ఏ5 సైజు, 24 పేజీలు, మండలి ఫాంటు 10.5 పాయింట్లు. అట్ట నల్లగా, మధ్యలో ఎలక్ట్రిక్ గిటార్, గులాబీ రంగు అక్షరాలు.

జూన్ 8

ఆరు కాపీలు ప్రింటు తీసి పట్టుకెళ్లాను. రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరు కళ్లజోడు పైకెత్తి, దించి, చివరికి పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూశారు. "ఏటమ్మా ఇది, చీమలు బారు కట్టినట్టుంది!" అన్నారు. ఆయన వేలు పెట్టిన చోట చూస్తే ‘కథ’లో థ పొట్టలోని చుక్క సిరాతో పూడిపోయి ‘కధ’ అయిపోయింది. స్క్రీన్ మీద అది శుభ్రంగానే కనిపించింది. అట్ట చూసి పిన్నిగారొకరు, "కాలేజీ పిల్లలదేమో అనుకుని పక్కన పెట్టీసేనమ్మా" అన్నారు.

ఇవి రెండూ దిద్దుకోగలిగేవే. అసలు విషయం అక్కడ గంటన్నర కూర్చుని చూస్తే తెలిసింది. కుడి చేతిలో మైకు, ఎడమ చేతిలో పుస్తకం. నిలబడి, ఉన్న ఒక్క ట్యూబ్‌లైటు వెలుగులో, పాటకీ పాటకీ మధ్య పేజీ తిప్పుతున్నారు. నేను మాత్రం బాల్కనీలో కాఫీ తాగుతూ తీరిగ్గా చదువుకునే మనిషిని ఊహించుకుని పేజీలు కట్టాను.

జూన్ 15

వారమంతా అక్షరాల మీదే పోయింది. 11, 12, 13, 14, 15 పాయింట్లలో ఒకే పేరా ప్రింటు తీసి, సెల్లార్‌లోనే గోడకి అంటించి చదివించాను. 14 దగ్గర అందరూ ఆగకుండా చదివారు. తెలుగుకి సైజు ఒక్కటి పెంచితే చాలదు. పై లైనులో కింద వత్తు, కింది లైనులో పైన గుడి, రెండూ ఒకే ఖాళీలోకి వస్తాయి. ‘రాష్ట్రం’ కింద ‘కీర్తి’ పడిన చోట ట వత్తు, దాని కింద క్రావడి, ఆ వెంటనే క మీద గుడిదీర్ఘం, మూడూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. లైన్ల మధ్య దూరం 17 నుంచి 22కి పెంచాక ఊపిరాడింది. శీర్షికలకి రామభద్ర ఫాంటు పెట్టాను. దాని లావుకి ట్యూబ్‌లైటు వెలుగు సరిపోతుంది. బూడిద రంగు అక్షరాలు, రంగు గడిలో తెల్ల అక్షరాలు పూర్తిగా తీసేశాను. తెలుపు అక్షరాల్లోకి చుట్టూ ఉన్న సిరా పాకితే ముందు మాయమయ్యేవి సన్నటి వత్తులే.

సైజు పెరిగితే పేజీలూ పెరుగుతాయి. లెక్క కడితే 24 పేజీల సరుకు 40కి పైనే తేలింది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి. 32 దగ్గర ఆగి, రెండు వ్యాసాలు తర్వాతి సంచికకి తోశాను. విజయనగరం సంగీత కళాశాల వ్యాసం మాత్రం ఉంచాను. 1919లో మొదలైన ఆ కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరం. మనవాళ్లు మన పక్క ఊరి గురించి చదువుకోవాలని నా పట్టుదల.

పాటల సాహిత్యం పూర్తిగా వేయమని అడిగారు. కుదరదని చెప్పాను. మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులు ఉంటాయి, అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు. బదులుగా పాటకో అరపేజీ ‘పాడేవాళ్ల చీటీ’ పెడుతున్నాను: రాగం, తాళం, ఏ శ్రుతిలో మొదలెట్టాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి. మగ గొంతుకి ఒకటిన్నర, ఆడ గొంతుకి ఐదున్నర అని పెద్ద అంకెల్లో. కీబోర్డు అబ్బాయికి అర్థమయ్యేలా కింద సి షార్ప్, జి షార్ప్ అని కూడా రాశాను. అందరూ ముందు తిప్పేది ఈ పేజీలే అని నా నమ్మకం.

జూన్ 22

పుస్తకాన్ని వెనక్కి మడిచి ఒక చేత్తో పట్టుకుంటే బొటనవేలు పేజీ కింది భాగం మీద పడుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే రెండు సెంటీమీటర్లు. అందుకే కింది మార్జిన్ 24 మిల్లీమీటర్లు చేసి, పేజీ నంబరు పైకి మార్చాను. చీటీ కూడా ఎప్పుడూ ఒకే పేజీలో ముగుస్తుంది, పాట మధ్యలో తిప్పే పని లేదు.

లోపలి పేజీలకి 80 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో అనే మెరుపు లేని కాగితం. ఆర్ట్ పేపర్ మీద ఫోటోలు అందంగా వస్తాయి గానీ ట్యూబ్‌లైటు కింద మెరిసి కళ్లు చెదురుతున్నాయి.

జూన్ 29

అట్ట మారింది. లేత పసుపు మీద ఒక క్యాసెట్, దాని చక్రంలో దూర్చిన పెన్సిల్. ఫోటో మా అమ్మ పెట్టెలోని క్యాసెట్‌కే తీశాను. చూడగానే ముగ్గురు వేళ్లతో పెన్సిల్ తిప్పి చూపించారు. ఏ ఒక్కరినీ "ఇది ఎవరి కోసం" అని అడగక్కర్లేకపోయింది.

ఒక్క ఇబ్బంది. 220 జీఎస్ఎం అట్టకి పైవైపు మాత్రమే మ్యాట్ లామినేషన్ వేయించాను. బీచ్ రోడ్డుకి దగ్గర ఇల్లు, జూన్ నెల. రెండు రాత్రులకే అట్టలు అప్పడాల్లా చుట్టుకుపోయాయి. లోపలి వైపు తేమ పీల్చుకుని సాగుతుంది, ప్లాస్టిక్ ఉన్న వైపు సాగదు. లామినేషన్ మానేసి, 250 జీఎస్ఎం కార్డు ఉత్తిదే వాడమని ప్రెస్‌లో చెప్పాను. 60 కాపీలే కాబట్టి డిజిటల్ ప్రింటు. ఇంత తక్కువకి ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు గిట్టదు. వచ్చే ఆదివారానికి రెండు కాపీలు ముందు ఇస్తామన్నారు. ఒకటి హెడ్మాస్టరుగారి చేతిలో పెట్టి, మైకు కూడా ఇస్తాను.