టోటల్ కమాండర్‌కి డబ్బు కట్టించాను

గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ ఉద్యోగం అంటే ఇన్‌వాయిస్ కొట్టడం, ప్యాకింగ్ లిస్టు తీయడం అనుకుంటారు మా చుట్టాలు. అవి చకచకా అయిపోయే పనులు. అసలు పొద్దంతా తినేసేది ఫైళ్లు. మరీ ముఖ్యంగా ఫొటోలు.

మాది ఒంగోలు ఆఫీసు. రాయి ఉండేది చీమకుర్తి యార్డులో, కర్నూలు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. బ్లాక్ గెలాక్సీ అంటే తెలియని వాళ్లకి ఒక్క మాట: నల్లరాతి నిండా బంగారు రంగు చుక్కలు మెరిసే గ్రానైట్. చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల క్వారీల్లోదే. చైనాలో షియామెన్ రేవులో దించుకునే బయ్యరు అక్కడ కూర్చుని ఒక్కో బ్లాకునీ ఫొటోలో చూసే బేరం మొదలుపెడతాడు. చుక్క దట్టంగా ఉందా, పలచనా, ఎక్కడన్నా లైను కొట్టిందా, ప్యాచ్ ఉందా, అన్నీ ఆ ఫొటోల్లోనే కనపడాలి. ప్రతి బ్లాకుకీ అన్ని వైపులా తీస్తారు, పెయింటుతో రాసిన నంబరు ఫొటోలో పడేలా. ఒక బ్లాకు ఫొటో ఇంకో బ్లాకు నంబరు మీద వెళ్లిందంటే ఆ బేరం మీద నమ్మకం పోయినట్టే.

ఫొటోలు తీసే తమ్ముడు యార్డులో ఎండలో తిరుగుతా తీస్తాడు. ఫోన్ ఆ ఫొటోలకి పెట్టే పేరు తేదీ, టైము, అంతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ పేరు కూడా పోయి కొత్త పేరు వస్తుంది, ఫొటో నాణ్యత కూడా తగ్గుతుంది. అందుకే పెన్‌డ్రైవులో వేసి సాయంత్రం వచ్చే బండికి ఇచ్చి పంపమంటాను. అట్టా వచ్చిన ఫొటోల గుట్టని బ్లాకు నంబర్ల వారీగా సర్దడమే నా పని. ఈ పనికి నేను వాడేది టోటల్ కమాండర్ అనే ఫైళ్లు సర్దుకునే ప్రోగ్రాము.

తెరవగానే స్క్రీన్ నిలువుగా రెండు భాగాలుగా ఉంటుంది. నా ఎడమపక్క పెన్‌డ్రైవు, కుడిపక్క ఆ షిప్‌మెంట్ ఫోల్డరు. ట్యాబ్ నొక్కితే ఈ పక్క నుంచి ఆ పక్కకి. ఎఫ్5 కాపీ, ఎఫ్6 తరలింపు, ఎఫ్7 కొత్త ఫోల్డరు, ఎఫ్8 తీసేయడం. ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడిగే పనే లేదు, కళ్ల ముందు రెండు పక్కలా కనపడతానే ఉంటాయి. మామూలు విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో రెండు విండోలు తెరుచుకుని, ఒకదాని మీద ఒకటి పడకుండా జరుపుకుంటా, మౌస్‌తో లాక్కుంటా, మధ్యలో చెయ్యి జారి ఎక్కడో పడేసుకునే బాధ ఇందులో లేదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. మా పెదనాన్నగారబ్బాయి విండోస్‌కి ముందున్న డాస్ రోజుల్లో నీలం తెర మీద ఇట్టాగే రెండు పక్కలా పట్టీలు పెట్టుకుని పని చేస్తుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేదాన్ని. అది నార్టన్ కమాండర్. జాన్ సోచా రాస్తే 1986లో పీటర్ నార్టన్ కంపెనీ బయటికి తెచ్చింది. అదే పోకడలో విండోస్ కోసం స్విట్జర్లాండ్‌కి చెందిన క్రిస్టియన్ గిస్లర్ 1993లో విండోస్ కమాండర్ విడుదల చేశాడు. విండోస్ అనే పేరు తమదని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం పెట్టడంతో 2002లో టోటల్ కమాండర్ అయింది. పేరు మారిందే గానీ ఆ ఎఫ్ మీటలు మాత్రం డాస్ నాటివే. అన్నయ్య దగ్గర చూసిన మీటలు ఇన్నేళ్ల తర్వాత నా చేతికి సరిగ్గా పనికొచ్చాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం కంట్రోల్ ఎమ్. ఒకేసారి బోలెడు ఫైళ్ల పేర్లు మార్చే పనిముట్టు అది. ఒక్కో బ్లాకుకి ఒక ఫోల్డరు చేసి, దానికి బ్లాకు నంబరే పేరు పెడతాను. ఫొటోలో పెయింటు నంబరు చూసుకుని అందులోకి తరలిస్తాను. ఎన్లార్జ్ చేసి చూడక్కర్లేదు, కంట్రోల్ క్యూ నొక్కితే అవతలి పక్క అంతా ఫొటో కనపడుతుంది, బాణం మీటతో ఒక్కొక్కటీ దిగుతా పోవడమే. ఎనిమిదో మూడో తేల్చుకోలేని నంబరు వస్తే అక్కడ ఆగి యార్డుకి ఫోన్ చేస్తాను, ఊహించి వెయ్యను. అన్నీ సర్దాక ఫోల్డరులోకి వెళ్లి ఫొటోలన్నీ ఎంచుకుని కంట్రోల్ ఎమ్. పైన పేరు గడిలో చదరపు బ్రాకెట్లో పీ, ఒక గీత, మళ్లీ బ్రాకెట్లో సీ. పీ అంటే ఫోల్డరు పేరు, సీ అంటే వరస సంఖ్య. అంతే, ఆ ఫొటోలన్నీ బ్లాకు నంబరు గీత ఒకటి, గీత రెండు, గీత మూడు అయిపోతాయి. ఇంకా మార్చకముందే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే వరసలుగా చూపిస్తుంది. చూసి, సరేననుకున్నాకే స్టార్ట్ నొక్కుతాం. నొక్కాక కూడా అన్‌డూ ఉంది. ఈ ముందుచూపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎదుటివాడి పని ఎట్టా ఉంటుందో తెలిసిన మనిషి రాసిన ప్రోగ్రాము ఇది.

ఇక సాయంత్రం బయటి హార్డ్ డిస్కులోకి బ్యాకప్. కమాండ్స్ మెనూలో సింక్రనైజ్ డైరెక్టరీస్ అని ఉంటుంది. ఆఫీసు కంప్యూటరులోదీ, డిస్కులోదీ పోల్చి, ఏది ఎటు వెళ్లాలో మధ్యలో బాణం గుర్తులతో చూపిస్తుంది. కొత్తవి మాత్రమే వెళ్తాయి. ఒక జాగ్రత్త: అసిమెట్రిక్ అనే టిక్కు పెడితే ఎడమపక్క లేనివి కుడిపక్క నుంచి తీసేస్తుంది. బ్యాకప్‌లో పాత షిప్‌మెంట్లు ఉంచుకోవాలనుకునే వాళ్లు ఆ టిక్కు జోలికి పోవద్దు. షిప్‌మెంట్ మొత్తం ఫొటోలు ఒక్కసారి చూసుకోవాలంటే కంట్రోల్ బీ. లోపలి ఫోల్డర్లన్నిట్లోని ఫైళ్లనీ ఒకే పట్టీగా పరుస్తుంది. సైజు వారీగా పేర్చితే సగం కాపీ అయిన ఫొటో, ఖాళీ ఫైలు ఇట్టే దొరికిపోతాయి.

ఇంతా చేసి ఇది షేర్‌వేర్. వెబ్‌సైటు నుంచి దించుకుని వెంటనే వాడుకోవచ్చు, ఏ సౌకర్యమూ దాచిపెట్టరు. తెరిచినప్పుడల్లా మాత్రం ఒక పెట్టె వస్తుంది. ఇది షేర్‌వేర్, ముప్పై రోజులు పరీక్షించి చూడండి, ఆ తర్వాత వాడాలంటే రిజిస్టర్ చేసుకోండి అని. కింద ఒకటి, రెండు, మూడు అని మూడు బటన్లు. ఫలానా నంబరు నొక్కితే ప్రోగ్రాము మొదలవుతుంది అంటుంది. ఆ నంబరు ఒకసారి రెండు, ఇంకోసారి ఒకటి. కాబట్టి చూడకుండా నొక్కేయడం కుదరదు, ఆ పెట్టెని చదవాల్సిందే. నెల దాటినా తలుపు మూసెయ్యదు, అడగడం మాత్రం మానదు. మనిషి మర్యాద మీద నమ్మకం పెట్టుకుని బతికే వ్యాపారం ఇది.

ఆ నమ్మకానికి వెనక కథ కూడా ఉంది. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రాము, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రాము ఇట్టాగే పంచారు. కాపీ చేసుకోండి, స్నేహితులకివ్వండి, పనికొస్తే డబ్బు పంపండి అని. మరుసటేడు బాబ్ వాలెస్ పీసీ-రైట్ అనే రాత ప్రోగ్రాము అదే దారిలో తెచ్చాడు, షేర్‌వేర్ అనే పేరు స్థిరపడింది ఆయనతోనే. పెట్టె కట్టి షాపులో అమ్మేంత పెట్టుబడి లేని మనిషి తన పని నేరుగా జనం చేతిలో పెట్టగలిగాడంటే ఈ పద్ధతి వల్లే. మన దగ్గరికి కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల్లో ఇవి గుట్టలు గుట్టలుగా వచ్చేవి. వాడినవాళ్లు లెక్కలేనంతమంది. డబ్బు కట్టినవాళ్లని మాత్రం మా ఊళ్లో నేను చూడలేదు.

గడువు అయ్యేలోపే మా సార్ దగ్గరికి వెళ్లాను. నేరుగా స్క్రీన్ చూపించాను. ఆయన ఆ పెట్టె చూసి, రెండు నొక్కి, లోపలికి వెళ్లి, నా వైపు తిరిగారు.

"తెరుచుకుంటానే ఉంది గదమ్మా. ఇంకెందుకు డబ్బులు?"

"తెరుచుకుంటది సార్. కానీ నెల వరకే పరీక్షకి వాడమన్నారు. మనం దీంతో రోజూ బిజినెస్ చేస్తన్నాం."

"అడిగేవాడు ఎవడూ లేడు గదా?"

"యార్డులో కొలిచే టేపు కొనే తెచ్చాం గదా సార్. రాయి గ్రాస్, నెట్ కొలతలు దాంతోనే రాస్తన్నాం. ఇది కూడా అట్టాంటి పనిముట్టే. దీని మీదే బయ్యరుకి ఫొటోలు పోతన్నాయి."

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏటేటా కట్టాల్నా?" అన్నారు. అక్కడే నాకు బలం దొరికింది. ఈ రోజుల్లో ప్రతిదీ చందా అయిపోయింది, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నుంచి ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ దాకా. ఇది ఒక్కసారి కడితే సరి, తర్వాత వచ్చే కొత్త వెర్షన్లకి మళ్లీ కట్టక్కర్లేదు. 1993 నుంచి ఒకే మనిషి దీన్ని చూసుకుంటా వస్తన్నాడని కూడా చెప్పాను. "ఒకటే మనిషా?" అని ఆశ్చర్యపోయి, "సరే, కట్టెయ్" అన్నారు. రాయి వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఒకే పనిలో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి అంటే గౌరవం.

కట్టడంలో ఒక్కటే చిక్కు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడుకోవడానికే తెరిచి ఇస్తారు. విదేశీ కొనుగోలు చేయాలంటే మనమే బ్యాంకు ఆప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టుకోవాలి. సార్ ఫోన్‌లో ఆ సెట్టింగు వెతికి, ఆన్ చేసి, పరిమితి తక్కువగా పెట్టి, పని అవ్వగానే మళ్లీ ఆఫ్ చేశాం. బ్యాంకు మార్పిడి ఖర్చులు కలుపుకుని మూడు నాలుగు వేల మధ్యలో తేలింది. మా ఆఫీసులో నెల టీ ఖర్చు అంతకంటే ఎక్కువ.

ఆర్డర్ ఫారంలో పేరు గడి దగ్గర కాస్త ఆలోచించండి. లైసెన్సు ఎవరి పేరున తీసుకుంటామో ఆ పేరే ప్రోగ్రాము పైపట్టీ మీద కనపడుతుంది, అక్షరం తప్పు పోతే ఆ తప్పే రోజూ చూస్తా కూర్చోవాలి. మేం కంపెనీ పేరు ఇచ్చాం. మెయిల్లో కీ ఫైలు వచ్చింది, విన్‌సీఎమ్‌డీ డాట్ కీ అని చిన్న ఫైలు. దాన్ని ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులో వేసి, మూసి మళ్లీ తెరిస్తే చాలు. మూడు బటన్ల పెట్టె రాలేదు. అంతవరకూ రిజిస్టర్ కాలేదు అని ఉన్న చోట మా కంపెనీ పేరు. సార్‌ని పిలిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, "మన బోర్డు పెట్టాడే" అన్నారు. నాకు ఆరోజు ఉద్యోగంలో చేరిన రోజంత సంతోషం.

డబ్బు పెట్టలేని వాళ్లు బోలెడుమంది ఉంటారు, చదువుకునే పిల్లలు, చిన్న డీటీపీ షాపుల వాళ్లు. వాళ్లకి నేను చెప్పేది డబల్ కమాండర్. ఇదే పోకడ, ఓపెన్ సోర్స్, పైసా అడగరు, లైనక్సులో కూడా నడుస్తుంది. నా అలవాటుకి టోటల్ కమాండర్ అంత చురుగ్గా అనిపించలేదు, కానీ మంచి ప్రోగ్రాము. దొంగ కీ వెతికి పెట్టుకోవడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. ఎవడో అపరిచితుడు పెట్టిన ఫైలుని మన ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు కాగితాలు ఉన్న మిషన్‌లోకి మనమే రానిచ్చినట్టు. పైగా ముప్పై ఏళ్లుగా తలుపు తెరిచిపెట్టి మర్యాదగా అడిగేవాడి దగ్గర దొంగతనం చేయడానికి మనసు ఎట్టా ఒప్పుతుంది?

కీ ఫైలు భద్రం. నేను బ్యాకప్ డిస్కులో ఒకటి, మెయిల్లో ఒకటి ఉంచాను. దాంతోపాటు విన్‌సీఎమ్‌డీ డాట్ ఐఎన్ఐ కూడా దాచుకోండి, మన సెట్టింగులు ఉండేది అందులో. ఆఫీసు కంప్యూటరు మార్చినప్పుడు ప్రోగ్రాము వేసి ఈ రెండూ వాటి చోట్ల పెడితే, రంగులతో సహా అంతా పాతదాంట్లో ఉన్నట్టే వచ్చేసింది.

ఇప్పుడు యార్డు తమ్ముడు కూడా నేర్చుకుంటానన్నాడు. ఫొటోలు అక్కడే బ్లాకు నంబర్లతో సర్ది పంపితే ఇక్కడ నాకు సగం పని తగ్గుతుంది. అక్కడి కంప్యూటరులో దించి ఇచ్చాను, మూడు బటన్ల పెట్టె గురించి కూడా చెప్పాను. నెల లోపల అతనికి చెయ్యి తిరిగితే అదనపు లైసెన్సు తీసుకోవాలి. వాడేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి ధర తగ్గుతుంది. సార్‌తో ముందే మాట్లాడి పెట్టాను. ఈసారి ఎందుకు అని అడగలేదు, ఎంత అనే అడిగారు.