తాత తెచ్చిన పట్టా ముక్క

బల్లార్‌పూర్‌లో మా లేత్ షాపులో దాగలి అంటే మూరెడు రైలుపట్టా ముక్కే. మా తాత మంచిర్యాల నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నాడు. పక్కన ఉబ్బెత్తుగా ‘టాటా’ అని ఉంటుంది. బాపు సుత్తి దెబ్బలకు పైభాగం అద్దంలా నున్నబడింది.

ఆ ఉక్కు ఫ్యాక్టరీ మా జిల్లాకే రావాల్సింది! 1882లో చాందా (ఇప్పటి మా చంద్రపూర్) జిల్లా లోహారా ఇనుప ఖనిజం మీద రిపోర్టు చదివాకే జంషెడ్‌జీ టాటాకు ఈ ఆశ పుట్టింది. కానీ దగ్గరున్న వరోరా బొగ్గు ఇనుము కరిగించడానికి పనికిరాలేదు. చివరికి ఒడిశా మయూర్‌భంజ్ ఖనిజంతో సాక్చిలో (ఇప్పటి జంషెడ్‌పూర్) కొలిమి లేచింది. 1907లో కంపెనీ, 1912లో మొదటి ఉక్కు. ఆయన మాత్రం 1904లోనే పోయారు; కొడుకు దొరాబ్‌జీ పూర్తిచేశారు. లోహారా పేరు వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మా వాడు మొన్న ఆ ముక్కను తుక్కుకు వేద్దామన్నాడు. వద్దు బిడ్డా అన్నాను.