నెల్లూరులో మా వాడికో వాకిలి

మా వాడు చిన్నప్పుడు నెల్లూరు వెళ్తే వాడి కాళ్ళు నేలకి తగిలేవి కావు. చెన్నై ఎయిర్‌పోర్టు బయట వాడి మామయ్య ఒకసారి ఎత్తుకుంటే, మళ్ళీ మేం డల్లాస్ విమానం ఎక్కేదాకా ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి మారుతూనే ఉండేవాడు. సెరిబ్రల్ పాల్సీ వల్ల వాడి రెండు కాళ్ళూ బిగుసుకుని ఉంటాయి. చేతులు బాగానే ఆడతాయి. మాట నిదానం, చదువూ నిదానమే. డల్లాస్‌లో వీల్‌చైర్ తోసుకుంటూ తనంతట తాను తిరిగే పిల్లాడు నెల్లూరు రాగానే ఎత్తుకునే బిడ్డ అయిపోయేవాడు. అప్పుడు అందరికీ అది ముద్దుగానే ఉండేది.

ఇప్పుడు వాడికి 14 ఏళ్ళు. మామయ్యకి నడుం నొప్పి, మా నాన్నకి 70 దాటాయి. మా పుట్టింటి ముందు ఎత్తైన మెట్లు. కిందటిసారి వెళ్ళినప్పుడు మా తమ్ముడు, పక్కింటి అబ్బాయి చెరోవైపు పట్టుకుని చైర్‌తో సహా వాడిని పైకి లేపారు. వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భయపడ్డాడేమో అనుకున్నాను. రాత్రి పడుకునేటప్పుడు చెప్పాడు, వీధిలో అందరూ చూస్తున్నారని. మీసాలు వస్తున్న పిల్లాడు. రోజుకి ఎన్నిసార్లు బయటికి రావాలనిపిస్తే అన్నిసార్లు ఇద్దరు మగాళ్ళని పిలవాలంటే, వాడు బయటికి రావడమే మానేస్తాడు. ఆ సెలవుల్లో సగం రోజులు అలాగే లోపల గడిపాడు.

నెల్లూరులో స్థలం కొనాలన్న మాట అక్కడ పుట్టింది.

స్థలం అనగానే అందరూ అడిగేది ఒకటే: "వచ్చేస్తున్నారా?" రావడం లేదు. అమెరికాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి 3 ఏళ్ళ నుంచి 21 ఏళ్ళ వయసు వరకు ఉచితంగా చదువు చెప్పాలని చట్టం ఉంది. వాడి బడి బస్సుకి లిఫ్ట్ ఉంది, బళ్ళోనే థెరపీ ఉంది. దాన్ని వదులుకోలేం. 18 దాటాక వాడికి ఎస్ఎస్ఐ అనే ప్రభుత్వ భృతి రావచ్చు. అది తీసుకునేవాళ్ళు వరసగా 30 రోజులు దేశం బయట ఉంటే భృతి ఆగిపోతుంది. తిరిగి వెళ్ళి మళ్ళీ వరసగా 30 రోజులు అమెరికాలో ఉంటేగానీ మొదలవదు. కాబట్టి మా రాకపోకలకి ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిసే స్థలం వెతికాం.

ఎందుకంటే వాడికి డల్లాస్‌లో దొరకనిది నెల్లూరులో ఉంది. డల్లాస్‌లో మా ఇంట్లో ర్యాంపు ఉంది, వెడల్పు తలుపులున్నాయి, శనివారం ఆ తలుపు తట్టేవాళ్ళే లేరు. స్నేహితులు రావాలంటే వాళ్ళ అమ్మలతో ముందే మాట్లాడుకుని టైము కుదుర్చుకోవాలి. మా పుట్టింటి అరుగు మీద వాడు కూర్చుంటే చాలు, క్యారమ్స్ బోర్డు పట్టుకుని వీధిలో పిల్లలు వాళ్ళే వచ్చేస్తారు. వాడి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఆ పిల్లలకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. స్ట్రైకర్ వాడి చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఓపిక పట్టరు, "అన్నా, ఏసెయ్!" అని అరుస్తారు. వాడికి అదే ఇష్టం. ఆ అరుపులు వినడానికి వాడు తనంతట తాను బయటికి రావాలి. మాకు కావలసిన ఇల్లు అది.

వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, లోకం మంచి స్థలం అనేది వేరు, మా వాడికి మంచి స్థలం వేరు అని.

మా చిన్నాన్న ముందుగా ఊరి పక్కన పొలం చూపించాడు. ఎకరా బేరం, పక్కనే కాలువ, చుట్టూ వరి. కానీ విదేశాల్లో ఉండే భారతీయులుగానీ ఓసీఐ కార్డు (వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇచ్చేది) ఉన్నవాళ్ళుగానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫార్మ్‌హౌస్ కొనకూడదు. ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. వారసత్వంగా వచ్చే పొలం సంగతి వేరు. చిన్నాన్న "మీ నాన్న పేర కొందాంలే" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మా వాడి భవిష్యత్తుకి సంబంధించిన ఆస్తిలో ఒక్క కాగితం కూడా అడ్డదారిలో ఉండకూడదని మా ఆయన గట్టిగా నిలబడ్డారు, నేనూ అదే మాట మీద ఉన్నాను. రేపు మేం లేనప్పుడు ఆ చిక్కు విప్పాల్సింది మా అమ్మాయి.

తర్వాత నచ్చిన స్థలం టౌన్‌కి దగ్గర. లాయర్ పాత రికార్డులు తీయిస్తే అది ఒకప్పటి చుక్కల భూమి అని తేలింది. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ మాట తెలియని రైతు ఉండడు. అవన్నీ 22ఏ నిషేధిత జాబితాలో పడి ఏళ్ళ తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. 2023లో ప్రభుత్వం వాటిలో చాలా భాగాన్ని ఆ జాబితా నుంచి తీసేసింది. ఈ స్థలం కూడా బయటపడిందనే అమ్మేవాళ్ళు చెప్పారు, నిజమే కావచ్చు. కానీ మధ్యలో ఒక లింకు డాక్యుమెంటు, అంటే స్థలం చేతులు మారిన పాత కాగితం, దొరకలేదు. వదిలేశాం. స్థలం కొనేవాళ్ళెవరైనా ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) ఒక్కటి చూసి ఊరుకోవద్దు. లింకు డాక్యుమెంట్లు మొదటి నుంచీ వరసగా ఉన్నాయా, సర్వే నంబరు 22ఏలో ఉందా, లేఅవుట్‌కి నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, లేక ఒట్టి పంచాయతీ లేఅవుటా, ఇవన్నీ తేలాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఆ తర్వాత హైవే పక్కన ఒక పెద్ద వెంచర్. గేటు, పార్కు, రోడ్ల పక్కన మొక్కలు. వాడిని అక్కడికి తీసుకెళ్ళాం. కారులోంచి దించగానే చైర్ ముందు చక్రాలు ఎర్ర గ్రావెల్‌లో కూరుకుపోయాయి. మా తమ్ముడు చైర్ వెనక్కి తిప్పి లాగాడు. వాడు చుట్టూ చూసి "ఇక్కడ ఎవరున్నారు?" అన్నాడు. ఎవరూ లేరు. ఇంకో ఐదారేళ్ళకి గానీ ఇళ్ళు లేవవు. పెట్టుబడికి అది మంచిదే, మా వాడికి పనికిరాదు. ఇళ్ళు నిండిన వీధి, కిరాణా కొట్టు, ఆడుకునే పిల్లలు, వీలైతే నడిచి వెళ్ళేంత దూరంలో మా అమ్మ వాళ్ళ ఇల్లు ఉండాలి. రేటు ఎక్కువైనా లోపలి వీధుల్లోనే చూడాలని అప్పుడు నిర్ణయించుకున్నాం. ఫిజియోథెరపీకి టౌన్‌లో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉండటం కూడా ఒక కారణం.

టౌన్ లోపల ఇంకో సమస్య ఉంది, నీళ్ళు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు పల్లపు కాలనీలు ఎలా మునిగాయో మా వాళ్ళందరూ చూశారు. దానికి తోడు, కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్ళు గుంటలో పడతాయి. అందుకే మా నాన్న ఒకటే పట్టు పట్టారు: "బేస్‌మెంట్ మూడడుగులకి తగ్గితే నేను ఒప్పుకోను." ఆయన మాట నూటికి నూరుపాళ్ళు న్యాయం.

కానీ మూడడుగుల ఎత్తుకి ర్యాంపు కట్టాలంటే? అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు అనేది వీల్‌చైర్ ర్యాంపులకి సాధారణంగా పాటించే కొలత. అంటే 36 అడుగులు, మధ్యలో ఆగడానికి ఒక చదును కూడా కావాలి. నాలుగడుగుల వెడల్పు వేసుకుంటే 144 చదరపు అడుగులు. నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో కొంటాం, అంకణం 72 చదరపు అడుగులు. ర్యాంపుకే రెండు అంకణాలు పోతాయి. అదే స్థలం సహజంగా మెరక మీద ఉండి, అడుగున్నర బేస్‌మెంట్ సరిపోతే, 18 అడుగుల ర్యాంపు చాలు, ఒక్క అంకణం. కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాక మా నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "అయితే మెరక వెతకాలి" అన్నారు. అప్పటినుంచి ఆయన వాన పడ్డప్పుడల్లా స్కూటర్ మీద తిరిగి, ఏ వీధిలో నీళ్ళు నిలిచాయో, ఎక్కడ దిగిపోయాయో చూసి రాత్రికి వాట్సాప్‌లో చెప్పేవారు. డాక్యుమెంట్లు లాయర్ చూస్తాడు, ఈ పని మాత్రం ఊళ్ళో ఉండే మనిషే చేయగలడు.

అలా దొరికిందే ఇప్పటి స్థలం. 40 అడుగుల ముఖం, 72 అడుగుల లోతు, 40 అంకణాలు. తూర్పు ముఖం. 2021లో కూడా ఆ వీధిలోకి నీళ్ళు రాలేదని ఎదురింటివాళ్ళు, ఇస్త్రీ బండి ఆయన, ఇద్దరూ విడివిడిగా చెప్పారు.

వాస్తు సిద్ధాంతి గారు ఈశాన్యంలో బరువు ఉండకూడదని, ర్యాంపు అక్కడ వద్దని అన్నారు. అత్తయ్య టెన్షన్ పడింది. నేను ఆయన్నే అడిగాను, మరి ఎక్కడ పెడితే మీకు అభ్యంతరం లేదో చెప్పండి, బాబు వెళ్ళేది ముఖద్వారం నుంచే వెళ్ళాలి, పెరటి దారి పెట్టను అని. ఆయన కాసేపు ప్లాను చూసి, ఆగ్నేయం వైపు నుంచి మొదలుపెట్టి వాకిలి దాకా తీసుకురమ్మన్నారు. అందరూ వచ్చే దారిలోనే వాడూ రావాలి, ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినదలచుకోలేదు.

మేస్త్రి గురించి మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇంజినీరు గీసిన ర్యాంపు చూసి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, బాబు ఒక్కడే ఎక్కాలా, ఎవరన్నా ఎనకనుంచి తోస్తారా?" అప్పటిదాకా ఇంతమందిలో ఎవరూ అడగని ప్రశ్న. ఒక్కడే ఎక్కాలన్నాను. ఆయన ఇంజినీరుతో వాదించలేదు. స్థలంలోనే ఇటుకలు పేర్చి, వాటి మీద సెంట్రింగ్ చెక్కలు పరిచి వాలు తయారుచేశాడు. "ఎక్కు నాయనా" అన్నాడు. వాడు సగం దాకా వచ్చి ఆగిపోయాడు, మోచేతులు వణికాయి. మేస్త్రి వెనక నిలబడ్డాడుగానీ చైర్ ముట్టుకోలేదు. పై వైపు ఒక వరస ఇటుకలు తీసేయించి మళ్ళీ ఎక్కమన్నాడు. ఈసారి నిదానంగా పైకి చేరాడు. మేస్త్రి టేపు పెట్టి కొలిచాడు, అడుగుకి 16 అడుగుల వాలు వచ్చింది. 18 అడుగుల ర్యాంపు 24 అయింది. ఇంకో మూడోవంతు అంకణం పోతే పోయింది. బాత్రూమ్ తలుపు, లోపల చైర్ తిప్పుకోవడానికి ఐదడుగుల జాగా కూడా ఆయన అలాగే నేల మీద ముగ్గుతో గీసి, వాడి చేత తిప్పించి చూశాకే ఖాయం చేశాడు.

ఎవరి పేర రాయాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. "బిడ్డ పేరనే రాయండి, వాడికి ధైర్యం" అంది అమ్మ. వినడానికి ఎంత బాగుందో, చేస్తే అంత నష్టం. ఎస్ఎస్ఐ తీసుకునే మనిషికి సొంత ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. వాళ్ళు ఉండే ఇల్లు లెక్కలోకి రాదుగానీ, వేరే దేశంలో ఉన్న స్థలం వస్తుంది. వాడి పేర 40 అంకణాలు రాస్తే రేపు వాడి భృతికే ఎసరు. అందుకని మా ఇద్దరి పేర్ల మీదే రిజిస్టర్ చేయించాం, డబ్బు ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళకి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) నుంచే కట్టాం. మా తర్వాత ఏం కావాలో విల్లులో రాస్తున్నాం, అమెరికా లాయర్‌తో ఒకటి, నెల్లూరు లాయర్‌తో ఒకటి.

మా అమ్మాయికి పదేళ్ళు. ఊళ్ళో ఎవరో పెద్దావిడ వాడిని చూసి "ఏ జన్మలో చేసుకున్నదో" అని నిట్టూరిస్తే, నా కంటే ముందు అదే అడిగింది, "అన్నయ్య ఏం చేశాడని?" అని. ఆవిడ బిత్తరపోయింది. పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదని ఎవరో అనబోతే నేను ఆపాను. పెద్దల్ని గౌరవించమని నేనూ దానికి చెప్తాను, కానీ అన్న గురించి ఎవరేమన్నా తల దించుకోమని చెప్పను. అదే విధంగా అన్నని జీవితాంతం చూసుకోవాల్సింది నువ్వేనని కూడా చెప్పను. చుట్టాల్లో కొందరు ముద్దు చేస్తూ ఆ మాట దాని చెవిన వేస్తుంటారు. దాని బతుకు దానిది. విల్లులో దాని మీద బాధ్యత పెట్టకుండా ఉండటానికే ఇన్ని కాగితాలు.

అది మేడ మీద గది కావాలని అడిగింది. వాడు "అయితే నేనెలా వస్తాను?" అన్నాడు. అన్నాచెల్లెళ్ళు కాసేపు పోట్లాడుకున్నారు, నేను కలగజేసుకోలేదు. చివరికి వాళ్ళే తేల్చుకున్నారు: గదులన్నీ కిందే, డాబా మీదికి మెట్లు మాత్రం ఉంటాయి, వర్షం చూడటానికి వాడికి ముందు వైపు పెద్ద వరండా. ప్లాను ఆ ప్రకారమే మారింది.

ఇంకా తేలనిది గేటు ముందు సైడు కాలువ. దాని మీద బండ పరిస్తే రోడ్డుకీ గేటుకీ మధ్య నాలుగంగుళాల గట్టు వస్తుంది, చైర్ ముందు చక్రాలు అక్కడే తగులుకుంటాయి. పైగా ఆ వీధికి సిమెంటు రోడ్డు మంజూరైందంటున్నారు, వేస్తే ఎంత ఎత్తు లేస్తుందో తెలిస్తేగానీ గేటు మట్టం ఖాయం చేయలేమని మేస్త్రి ఆపేశాడు. నాన్న వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చారు, రోడ్డు అంచనా కాగితం చూపించమని సోమవారం మళ్ళీ వెళ్తున్నారు.